శనివారం కొన్న బ్యాటరీ

మా ఆయనకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని డాక్టరు చెప్పాక మా పడగ్గదిలోకి ఒక యంత్రం వచ్చింది. మంచం పక్కన బల్ల మీద కూర్చుని, గొట్టంలోంచి రాత్రంతా ఆయన ముక్కుకి గాలి అందించడం దాని పని. గురక పోయింది. పొద్దున లేవగానే వచ్చే తలనొప్పి పోయింది. వాటితోపాటు చెరువు కూడా పోయింది.

ఈయనకున్న ఒకే ఒక్క వ్యసనం చేపలు పట్టడం. తినడం కాదు, పట్టడమే. పట్టినవాటిలో సగం మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు. గచ్చిబౌలిలో అద్దాల మేడలో వారమంతా మీటింగుల్లో తల ఊపి, వారాంతం రాగానే పాత వ్యానులో గాలి కొట్టే రబ్బరు పడవ వేసుకుని, వికారాబాద్ అవతల స్నేహితుడి తోటని ఆనుకుని ఉన్న చెరువుకి వెళ్ళేవారు. వ్యానులో వెనక సీట్లు పీకించి చెక్క మంచం వేయించుకున్నారు. రాత్రి అందులో పడుకుని, తెల్లవారగానే పడవ దింపేవారు. యంత్రం వచ్చాక ప్లగ్గు లేని చోట పడుకోవడానికి వీల్లేకపోయింది. పుప్పాలగూడలో మా అపార్టుమెంటు సెల్లారులో వ్యాను ముసుగు కప్పుకుని నిలబడిపోయింది.

ఒకరోజు కాఫీ తాగుతూ, "వ్యానూ పడవా అమ్మేద్దామనుకుంటున్నా" అన్నారు, పాత పేపర్లు అమ్మేద్దామన్నంత మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం సాయంత్రం చెరువు నుంచి తిరిగొచ్చే మనిషి ఎలా ఉండేవారో నాకు తెలుసు. ఎండకి కమిలిపోయి, బురద కాళ్ళతో గుమ్మంలోనే నిలబడి, తప్పించుకున్న చేప గురించి చేతులు చాపి మరీ చెప్పేవారు. ఆ మనిషంటే నాకు చాలా ఇష్టం. ఆయన్ని ఎవరికో అమ్మేస్తానంటే ఎలా ఊరుకుంటాను?

"ఇంట్లో కరెంటు పోతే ఇన్వర్టరు లేదూ? వ్యానులోనూ ఒక బ్యాటరీ పెట్టండి" అన్నాను.

ఆ ఒక్క మాటకి మా ఇంట్లో నెలరోజుల పరిశోధన మొదలైంది. పగలు పడవకి బిగించే కరెంటు మోటారు నడపాలి, రాత్రి ఊపిరి యంత్రం నడపాలి, వ్యానులో చోటు ఒక్క బ్యాటరీకే ఉంది. అన్నం తింటున్నా అదే గొడవ. కారు బ్యాటరీ పనికిరాదట. బండి కదిలించేటప్పుడు ఒక్కసారిగా బలమంతా చూపిస్తుందట గానీ, గంటల తరబడి నెమ్మదిగా వాడుకుంటూ అడుగుదాకా తోడేస్తే నాలుగు రోజుల్లో చచ్చిపోతుందట. మనకు కావలసింది డీప్ సైకిల్ బ్యాటరీ అట. నోరు తిరగని మాటలు తీసేసి నాకు అర్థమైనంతలో, ఒకటి ఆరంభశూరుడు, రెండోది కాపురం చేసే మనిషి.

"ఆ రెండోదే తెద్దాం" అన్నాను.

తేవడానికి శనివారమే వీలు. మామూలు రోజుల్లో ఇద్దరికీ ఆఫీసులు, ఆదివారం రాణిగంజ్‌లో బ్యాటరీ దుకాణాలు మూసేస్తారు. దుకాణాయన మమ్మల్ని చూడగానే సీసం బ్యాటరీ ఒకటి ముందుకి జరిపాడు. "ఇది మస్తు నడుస్తది సార్. ఫికర్ లేదు. జర లేపి చూడుండ్రి."

మా ఆయన వంగి పట్టుకున్నారు. అది కదల్లేదు. ఇంకోసారి పట్టుకున్నారు. తర్వాత, అందుకే వంగినట్టు, దాని మీద అచ్చువేసిన అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. నడుం పట్టేసిందని నాకు తెలిసిపోయింది. దీన్ని రోజూ వ్యానులోంచి పడవలోకీ, పడవలోంచి వ్యానులోకీ ఎవరు మోస్తారు? పైగా దీన్ని సగానికి మించి వాడకూడదట. సగం చార్జి ఎప్పుడూ ముట్టుకోకుండా మోసుకు తిరగాలన్నమాట.

పక్కనే లిథియం బ్యాటరీ ఉంది. ధర వింటే కళ్ళు తిరిగాయి. కానీ నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి, నీళ్ళబిందెలా నడుం మీద పెట్టుకోగలిగాను. "ఇదే" అన్నాను. ఆయన అంతకు ముందే దాన్ని ఎంచుకుని, నేను ఒప్పుకోనేమోనని భయపడుతున్నారని తర్వాత తెలిసింది.

అసలు తగువు సెల్లారులో వచ్చింది. ఆయన బ్యాటరీ పైకి తీసుకెళ్ళబోతే నేను లిఫ్టుకి అడ్డంగా నిలబడ్డాను. "శనివారం పూట ఇనుము ఇంట్లోకి రాకూడదండీ."

"ఇది లిథియం. ఇనుము కాదు" అన్నారు.

"లోపల ఏయే లోహాలు ఉన్నాయో నెలరోజులు నా బుర్ర తిన్నారు కదా. ఒట్టు వేసి చెప్పండి, ఇనుము లేదా?"

మా ఆయనతో వచ్చిన చిక్కే అది, అబద్ధం చెప్పలేరు. మింగలేక కక్కలేక, "ఐరన్ ఫాస్ఫేట్ ఉంది" అని ఒప్పుకున్నారు. అంతే, బ్యాటరీ ఆ పూటకి వ్యానులోనే ఉండాలని తీర్పు చెప్పాను. నేను కోడు రాసి బతికే మనిషినే, కానీ మా అమ్మ చెప్పిన కొన్ని మాటలు కోడుకి లొంగవు.

"అయితే నేనూ దాంతో కిందే పడుకుంటా. పరీక్ష కూడా అయిపోతుంది" అన్నారు పౌరుషంగా. ఎలక్ట్రిక్ కార్ల కోసం పెట్టిన ప్లగ్గు దగ్గర సాయంత్రందాకా బ్యాటరీ నింపుకుని, భోంచేసి, యంత్రమూ దుప్పటీ చంకన పెట్టుకుని దిగిపోయారు.

పొద్దున్నే స్టీలు చెంబులో కాఫీ, చంకలో దిండు పట్టుకుని సెల్లారులోకి దిగాను. పాలమూరు నుంచి వచ్చి మా దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాయన ఎదురొచ్చాడు.

"ఇంట్ల లొల్లి అయ్యిందా మేడం? రాత్రంత సార్ బండిల్నే పండుకున్నరు. జర కోపం తగ్గించుకోండ్రి. సార్ మంచిగుంటరు."

"లొల్లేమీ లేదు. కొత్త బ్యాటరీ కొన్నాం, పరీక్ష చేస్తున్నారు."

ఆయన జాలిగా తల ఊపాడు. "అవు మేడం. నేను గూడ మా ఇంటామె కోపం జేస్తె, డబల్ డ్యూటీ ఉందనే చెప్త."

మధ్యాహ్నానికి ఆ పరామర్శ మా అంతస్తు చేరింది. బెజవాడ నుంచి వచ్చిన పక్కింటావిడ గోంగూర పప్పు గిన్నెతో సహా వచ్చి, "మగవాళ్ళన్నాక ఏదో ఒకటి ఉంటుంది వదినగారూ. గుట్టుగా సర్దుకోవాలి గానీ, సెల్లారుకి పంపేస్తారటండీ?" అని మెత్తగా మందలించింది. ఇనుము సంగతి చెబితే ఇంకా అన్యాయంగా వినిపించేలా ఉందని ఊరుకున్నాను. మా ఆయన మాత్రం బాధితుడి మొహం పెట్టుకుని రెండుసార్లు పప్పు వేయించుకున్నారు.

కానీ ఆ పొద్దున వ్యాను తలుపు తీసినప్పుడు జరిగింది వాచ్‌మన్‌కీ, పక్కింటావిడకీ తెలియదు. ఆయన ముక్కుకి గొట్టం తగిలించుకుని నిద్రపోతున్నారు. యంత్రం సన్నగా గాలి ఊదుతోంది. పక్కనే మంచం అంచున కూర్చున్నాను. ఎప్పుడు పడుకున్నానో తెలియదు, లేచేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆయన బ్యాటరీ మీటరు చూసి మురిసిపోతున్నారు.

"సగం పైనే మిగిలింది!" అని, నన్ను చూసి, "నువ్వెప్పుడొచ్చావు? పైన నిద్రపోలేదా?" అన్నారు.

"లేదు. మీ యంత్రం చప్పుడు వినబడకపోతే మీరు ఊపిరి తీస్తున్నారో లేదో అనిపిస్తుంది. మూడేళ్ళుగా దాన్ని వింటూనే కదా నిద్రపోతున్నాను."

ఆయన చల్లారిన కాఫీ కప్పులో పోసి నాకే ముందు ఇచ్చారు.

ఆ తర్వాతి వారం చెరువుకి నేనూ వెళ్ళాను. నాకు నీళ్ళంటే భయం. ఒడ్డునే కూర్చుంటానన్నాను గానీ, లైఫ్ జాకెట్ తొడిగి పడవలో కూర్చోబెట్టారు. మోటారు చప్పుడు చేయకుండా వెళుతుంటే భయం కాస్త తగ్గింది. ఎండ వాలేదాకా ఆయన చేపల వెంట తిరిగారు. గుమ్మంలో నిలబడే ఆ బురదకాళ్ళ మనిషి ఇన్నాళ్ళకి నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే ఆయన మీటరు చూసి, మోటారు ఆపేసి, తెడ్డు చేతిలోకి తీసుకున్నారు. నాలుగు తెడ్లు వేసేసరికి రొప్పు మొదలైంది.

"ఎందుకండీ ఆయాసం? మీ రాత్రికి సగం చాలు కదా, ఇంకా అంతకు పైనే ఉంది. నడపండి."

"నా రాత్రికి చాలు" అన్నారాయన, తెడ్డు వేస్తూనే. "తెల్లారాక నువ్వు ఇంకాసేపు పడుకుంటే? అప్పుడు యంత్రం చప్పుడు ఆగిపోకూడదుగా."

రెండో తెడ్డు నేను తీసుకున్నాను.