అత్త కోసం మార్చి చదివిన సీరియల్

మొన్న సాయంత్రం మా కోడలు టీవీలో సీరియల్ చూస్తుంటే, అందులో కథానాయిక తనను వదిలేసి ఇంకొకతెను తెచ్చుకున్న మొగుడి కాళ్ల మీద పడి బావురుమంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఇదే ఏడుపా అని లేచి వసారాలోకి వచ్చి కూర్చున్నానే గానీ, మనసు మాత్రం గుత్తి దగ్గర మా పల్లెకు, మా మేనత్త దగ్గరికి వెళ్లిపోయింది.

మన చిన్నతనంలో వేరుశనగ విత్తనాన్ని చేత్తోనే వొలిచేవాళ్లమని మీకు గుర్తుండే ఉంటుంది. వానలకు ముందు మా నడవలో పదిమంది ఆడవాళ్లు కాయల రాశి చుట్టూ చేరేవారు. వాళ్లలో ఎవరికీ చదువు రాదు కాబట్టి, నాయన గుత్తి నుంచి తెచ్చే వారపత్రికలోని సీరియల్‌ను గట్టిగా చదివి వినిపించే పని ఏడో తరగతి చదివే నాది. అదేదో పెద్ద ఉద్యోగమైనట్టు నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ ఏడాది వచ్చిన సీరియల్, మద్రాసులో జరిగేదే అయినా, అచ్చం మా అత్త కథే. ఆమె మొగుడూ ఇంకొకతెను తెచ్చుకుని, అత్తను పుట్టింటికి తోలేశాడు. తీరా ఇంటి చాకిరీకి మనిషి కావలసి వచ్చేసరికి, రేపు వచ్చి తీసుకుపోతానని కబురు పంపాడు. అవ్వ పొమ్మంటోంది, నాయన నోరు విప్పడు. సీరియల్ కూడా ముందు వారం, మొగుడు భార్యను పిలవడానికి వచ్చిన చోటే ఆగింది. అత్త మాత్రం కాయలు వొలుస్తూ, "ఆయమ్మ పోతాదో లేదో సూద్దాం, సదువు పాపా" అంది.

చదువుతూ చదువుతూ కింది వరుసల్లోకి చూద్దును గదా, ఆ మహాతల్లి మొగుడికి దండం పెట్టి వెనకాలే వెళ్లిపోతోంది. తలెత్తితే అత్త చేతులు ఆగిపోయి ఉన్నాయి. నాకెక్కడి నుంచి వచ్చిందో అంత తెగువ, ఆయమ్మ రానని చెప్పి తలుపేసుకుందని, ఇంకా నోటికొచ్చినవన్నీ చేర్చి చదివేశాను.

మరునాడు అత్త వెళ్లలేదు. తీసుకుపోవడానికి వచ్చిన మొగుడు మధ్యాహ్నం దాకా కూర్చుని, తిట్టుకుంటూ బస్సెక్కాడు. నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువైంది, ఎందుకంటే ఇక వారం వారం రచయిత కథ ఒక దారి, నా కథ ఒక దారి. నా కథలో ఆయమ్మ కుట్టుమిషన్ నేర్చుకుంది. కొన్నాళ్లకు అత్త కూడా గుత్తిలో ఒక సాయిబుల ఇంటావిడ దగ్గర కుట్టుపనికి చేరి, చివరిదాకా ఆ పనితోనే, ఎవరి ముందూ తల వంచకుండా బతికింది. అయినా ఆమెను మోసం చేశానన్న దిగులు నన్ను వదల్లేదు.

ఆమె మంచాన పడ్డాక, చెయ్యి పట్టుకుని ఉన్నదంతా చెప్పేశాను. అత్త నవ్వింది.

"తలుపేసుకొని ఆయమ్మ సంగటి కెలుక్కునిందని సదివితివే. మద్రాసులో ఉండే ఆయమ్మ మన పల్లెల్లో మాదిరి రాగి సంగటి యాడ కెలుకుతాది? అప్పుడే తెలిసిపాయ, అది నీ మాటని. ఇంట్లో ఒక్కరన్నా నన్ను పోవద్దంటాండారు గదా అనుకుంటి."

నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు కథలకు కొదవ లేదు. ఇంటింటా టీవీ, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఫోను, మంచీ చెడ్డా అవే నేర్పుతున్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి రేపు ఏం చేయబోతోందో వాటికి తెలియదు. తెలిసినా, ఆమె కోసం కథ మార్చవు.