ఆ చేలో నడిచింది నేనే

తాడేపల్లిలో మేముండే అపార్టుమెంటులో మొన్న పక్క ఫ్లాటావిడ పండుమిరప పచ్చడి కలుపుతూ, నెలసరి అని తెలిసి పనమ్మాయిని గుమ్మం బయటే నిలబెట్టింది. ఇదేమిటమ్మా అంటే, ఎవరి అభిప్రాయం వాళ్ళదండీ అని నవ్వింది. ఒళ్ళు మండిపోయింది నాకు. అభిప్రాయమట! అభిప్రాయమైతే కనీసం వాదనకు నిలబడుతుంది. ఇది అలాంటిది కాదని నాకు పన్నెండేళ్ళప్పుడే తెలుసు, నా ఈడు ఆడవాళ్ళైతే మీకూ తెలిసే ఉంటుంది.

మా నాన్నకు అభిప్రాయాలకు కొదవలేదు. ఈ ఏడు పొగాకే వేస్తానని ఇంట్లోంచి బయల్దేరి, టీకొట్టు దగ్గర ఎవరో నాలుగు మాటలు చెబితే మిరప వేస్తానని తిరిగొచ్చేవాడు. ఓటు సంగతీ అంతే. కానీ ముట్టయిన ఆడది అడుగుపెడితే మిరపచేను ముడుచుకుపోతుందని మాత్రం ఆయన ఎన్నడూ నోటితో అనలేదు, అనవలసిన అవసరమే లేకపోయింది. కోతలకు వచ్చే ఆడవాళ్ళు ఎవరికి వారే గట్టు మీద ఆగి, ఆ మూడురోజుల కూలీ వదులుకుని వెనక్కి వెళ్ళిపోయేవారు.

ఆ ఏడు రెండో కోతకు ముందు చేనంతా ముడత తెగులు పట్టింది. నాన్న ఒక పక్క మందు కొట్టిస్తూనే ఇంకో పక్క తప్పు ఎవరిదని వెతికాడు. అంతకుముందు వారం ఒక్కరోజు కూడా మానకుండా కోతకు వచ్చిందని అందరూ మా పాలేరు భార్య మీద పడ్డారు. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి ఆమె, అయినా ఈ నమ్మకం మా ఇంట్లో ఎంతో ఆమె ఇంట్లోనూ అంతే. ఔననలేదు, కాదనలేదు, తల వంచుకుని నిలబడింది. ఆపైన ఊళ్ళో ఏ చేలోకీ ఆమెను రానివ్వలేదు. మొగుడి పాలేరు జీతం అప్పులకే సరి, ఆ కోతలే వాళ్ళకు తిండి. చివరికి మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వినుకొండ వైపు పత్తి తీయడానికి వెళ్ళిపోయింది.

నిజానికి ఆ వారం అలా చేలో నడిచింది నేను. పెద్దమనిషినై నాలుగు నెలలు. నాన్నకు క్యారేజీ ఇచ్చి రమ్మంటే దారి కలిసొస్తుందని చేనుకు అడ్డంపడి వెళ్ళాను, లంగా మీద మరక ఇంటికొచ్చాకే చూసుకున్నాను. ఉతికింది అమ్మే. ఇద్దరం నోరు మూసుకున్నాం. భయం వల్లనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ అది అబద్ధం. చేను చెడగొట్టింది నేనేనని నమ్మాను. నమ్మాను కాబట్టే నింద ఇంకొకరి మీద పడ్డందుకు ఊపిరి పీల్చుకున్నాను. అమ్మనూ క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు.

తర్వాత నేను టీచరునయ్యాను, ముడత తెల్లదోమ వల్ల వస్తుందని పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఏళ్ళు గడిచాక ఒకసారి వినుకొండ బస్టాండులో ఆ పాలేరు భార్య కనిపిస్తే, చేతులు పట్టుకుని ఉన్నమాట చెప్పేశాను. ముసలిదైపోయింది. కొట్టినా పడదామనుకున్నాను.

“అయితే నేను కాదన్నమాట! చూసుకోకుండా నేనే తొక్కానేమోనని ఇన్నేళ్ళూ కుమిలిపోయానమ్మా,” అంది. అంతలోనే గొంతు పెంచింది. “ఎంత పని చేశావమ్మాయ్! బంగారం లాంటి చేను, మీ నాయన నోటికాడ కూడు తీసేశావు గదా!”

తెల్లదోమ సంగతి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్పినా ఆమెకు అది నా అభిప్రాయం, అంతే. తప్పు నాదేనని ఒప్పుకుని, బస్సు వచ్చేదాకా ఆ తిట్లన్నీ తిన్నాను.

ఇప్పుడు మా ఊరికి కూలీలు ఆటోల్లో ఎక్కడినుంచో వస్తారు, గట్టు మీద ఆగేవాళ్ళు లేరు, మనిషి దొరకడమే కష్టమైన రోజుల్లో ఆరా తీసే రైతూ లేడు. ఆ నమ్మకం పోయిందంటాడు మా తమ్ముడు. పోలేదురా, అవసరం వచ్చి పక్కకు నెట్టింది అంటాను. ఆమె చనిపోయి చాలాకాలమైంది. ఆ చేను పాడుచేసింది నేనేనని నమ్మే పోయి ఉంటుంది. ఆ నమ్మకమే చివరి రోజుల్లో ఆమె మనసుకు కాస్త నెమ్మదినిచ్చి ఉంటుందని తలుచుకుంటే, ఇంత కోపమూ ఎవరి మీద చూపించాలో నాకు తెలియడం లేదు.