ఏ కాలికి వేయమంటారు

ఏడాది నిండిన ఎవరికైనా సరే, అడక్కుండా మా పిన్ని సూది వేయదు. ఆమె పిల్లల క్లినిక్‌లో టీకాల నర్సు. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందికి మాటలే రావు. అయినా అడుగుతుంది.

"ఎడమ కాలికి వేయమంటారా, కుడి కాలికా? తమరే చెప్పాలి."

తమరు వేలు చప్పరిస్తూ ఉంటారు. పిన్ని ఆగుతుంది. వెనక ఆరుగురు తల్లులు, ఇద్దరు తాతలు ఆగుతారు. చీటీలు రాసే బల్ల దగ్గర నేను ఆగుతాను. లోపలి గదిలో డాక్టరుగారు దగ్గుతారు. ఇంకా ఎంతసేపు అని ఆ దగ్గుకి అర్థం. పిన్నికి ఆ వైపు చెవి వినపడదు.

ఒకసారి ఓ పాప కాలికి బదులు ఫ్యాను చూపించింది. ఫ్యానుకి కుదరదండీ, ఇంకోటి సెలవివ్వండి అంది పిన్ని. పాప తాత తన చెయ్యి చాచి, నాకు వేసెయ్యమ్మా, బస్సు వెళ్ళిపోతుంది అన్నాడు. కూర్చోమంది. పెద్దవాళ్ళతో కూర్చో, లే, పట్టుకో తప్ప ఆమెకి మాటలుండవు. మర్యాదంతా రెండేళ్ళ లోపువాళ్ళకే ఖర్చయిపోతుంది. పాతికేళ్ళలో తనని అడిగి చేసిన పని ఒక్కటీ లేదని బాబాయి అంటాడు.

ఆ శనివారం ఒకామె ఏడాదిన్నర కొడుకుని ఎత్తుకుని వచ్చింది. వాడి అక్కకి కామెర్లు. హెపటైటిస్ ఎ అని తేలింది. అక్కకి కామెర్లు కనపడ్డ రోజు నుంచి రెండు వారాల లోపు టీకా పడితే వాడికి రాకుండా చాలావరకు ఆపవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు పద్నాలుగోది. అప్పటికి ఆమె రెండుసార్లు వచ్చింది. వాడు కెవ్వుమనగానే రెండుసార్లూ గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. మర్నాడు సెలవు. ఒంటిగంటకి తాళం.

పన్నెండున్నర అయింది. వాడు తల్లి మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు. తల్లి వాడికన్నా గట్టిగా పట్టుకుంది. డాక్టరుగారు బయటికి వచ్చి, గట్టిగా పట్టుకుంటే నేనే వేసేస్తాను అన్నారు. పిన్ని కదల్లేదు. స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది.

"తమరు ఏ కాలికి వేయమంటారు?"

"వద్దు" అన్నాడు.

"విన్నాను. వేయకుండా మాత్రం పంపను. కాలు మీ ఇష్టం."

మళ్ళీ అడిగింది. మళ్ళీ. అదే గొంతు. వాచ్‌మన్ తాళాలతో వచ్చాడు. కూర్చోమంది. కూర్చున్నాడు. పిల్లవాడు ఏడుపు ఆపి పిన్ని గడియారం పట్టీ కొరకడం మొదలుపెట్టాడు. పన్నెండోసారి అడిగేసరికి తల్లికి నవ్వు వచ్చింది. బిగుసుకున్న చేతులు వదులయ్యాయి.

"మావాడు ఎడమకాలు అంటున్నాడండి" అంది.

వాడు ఏమీ అనలేదు. పిన్ని ఎడమ తొడకి సూది వేసింది. వాడు ఏడవాల్సినంత ఏడ్చాడు. తల్లి ఏడవలేదు.

తల్లి వాడికి చెప్పులు తొడుగుతుంటే నేను పిన్ని దగ్గరికి వెళ్ళి గొణిగాను, వాడు చెప్పనే లేదుగా అని.

"వాడికేం తెలుసురా?" అంది దూది పారేస్తూ. "నేను అడిగేది ఎత్తుకున్నవాళ్ళని. నేరుగా అడిగితే భయమేస్తోందని ఒప్పుకోవాలి కదా, పాపం."

తల్లి వాడిని ఎత్తుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. రెండోది ఎప్పుడని అడిగింది. ఆరు నెలలకి అన్నాను. తేదీ రాయించుకుని, చీటీ మడిచి కొంగున ముడివేసుకుంది.

"ఆ రోజు మొదటి చీటీ మాదే రాయి బాబూ" అంది.