పత్తి, పఖ్తా

యాభై రెండేళ్ళ వయసులో మొదటిసారి ఒంటరిగా విదేశం వెళ్ళాను. చీరాల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. సిల్కు రోడ్డు గురించి ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెబుతూ, నేను మాత్రం చూడకపోతే ఎలా అనిపించింది. దసరా సెలవుల్లో ఉజ్బెకిస్తాన్‌కి టికెట్ కొనేశాను. తోడు ఎవరూ రామన్నారు. స్టాఫ్‌రూమ్‌లో తలా ఒక రకంగా భయపెట్టారు.

సమర్‌ఖండ్ నుంచి బుఖారా వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. అప్పటికి నాలుగు రోజులుగా నీలం గుమ్మటాలు చూసి చూసి అలసిపోయి ఉన్నాను. కాసేపటికి బయట తెల్లగా చేలు మొదలయ్యాయి. ముక్కు అద్దానికి ఆనించి చూశాను. కాయలు పగిలి, విచ్చుకుని, కనుచూపు మేరా పత్తే. నాకు తెలియకుండానే లేచి నిలబడి, "పత్తి!" అని పైకి అనేశాను.

ఎదురు సీట్లో తలకి పూల రుమాలు కట్టుకున్న ఒకావిడ రొట్టె తుంచుకుని తింటోంది. ఆవిడ నన్ను చూసింది, కిటికీలోంచి బయటికి చూసింది. "పఖ్తా" అంది.

నేను మళ్ళీ పత్తి అన్నాను. ఆవిడ మళ్ళీ పఖ్తా అంది. ఇద్దరం నవ్వేశాం. సగం రొట్టె నా చేతిలో పెట్టింది.

ఫోన్ తీశాను. నేను తెలుగులో చెబితే అది ఉజ్బెక్‌లో ఆవిడకి చెప్పేది. మా అమ్మ పర్చూరు వైపు చేలల్లో పత్తి తీత కూలికి వెళ్ళేదని, బడి లేని రోజుల్లో నేనూ ఒడి కట్టుకుని ఆమె వెనకే నడిచేదాన్నని చెప్పాను. ఆవిడది కుట్టుపని. చిన్నప్పుడు బడి మూసేసి మరీ పిల్లల్ని తీతకి పంపేవారట. ఇప్పుడు తమ్ముడి చేలో సాయం చేయడానికే వెళుతోందట. మాటల మధ్యలో రైలు నెమ్మదించింది. ఆవిడ ఫోన్ దగ్గరికి వంగి ఏదో అంది.

"నా స్టేషన్ వచ్చింది. మీరు కూడా దిగండి," అని పలికింది ఫోన్.

బుఖారాలో గది తీసుకుని ఉన్నాను. అక్కకి మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేసింది.

"ఏమే, నీకు మతి పోయిందా? ముక్కూ మొహం తెలియని ఆవిడతో దిగిపోతావా?"

"పత్తి తీసే ఆవిడే అక్కా," అన్నాను, బ్యాగు దించుకుంటూ.

ఆ మధ్యాహ్నం ఆవిడ నా నడుముకి గుడ్డ కట్టి చేలోకి దింపింది. నలభై ఏళ్ళ కిందటి పని. మొదటి నాలుగు కాయలకే వేళ్ళు గీసుకుపోయాయి, అయిదో కాయకి చేతులకి అంతా గుర్తొచ్చేసింది. రెండు చేతులా లాగుతుంటే ఆవిడ చూసి తానూ వేగం పెంచింది. పక్కపక్క సాళ్ళలో ఇద్దరం పందెం వేసుకున్నట్టు పరుగు. చేలో పనిచేస్తున్నవాళ్ళంతా ఆగి చూశారు. గట్టు చేరేసరికి నేనే వెనకబడ్డాను. కానీ ఆవిడ నా ఒళ్ళో పత్తి చేత్తో ఎత్తి చూసి, ఒక్క ఎండుటాకు ముక్క కూడా లేదని తమ్ముడికి చూపించింది. అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో. మూడు రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాను. బుఖారా చూడనే లేదు.

తర్వాత వారం వారం వీడియో కాల్స్. ఒక ఆదివారం వాడరేవు నుంచి చేస్తే, నా వెనక కనిపించేదేమిటని అడిగింది. సముద్రం అన్నాను. తన జన్మలో చూడలేదంది. ఆ మాట అన్న నాలుగు నెలలకి, ఢిల్లీలో విమానం దిగి, రైలెక్కి, చీరాల స్టేషన్‌లో అదే పూల రుమాలుతో నా ముందు నిలబడింది.

దారిలో కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ఆటోలోనే పదిసార్లు తుమ్మింది. వాడరేవులో మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. చెప్పులతోనే నీళ్ళలోకి పరిగెత్తి, దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని, ఉమ్మేసి, పడీ పడీ నవ్వింది. ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు నన్ను కేకేశారు.

"అమ్మాయ్, ఆవిణ్ణి పట్టుకో, లోతుకి పోతోంది."

పట్టుకోవడానికే చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగాను. ఆవిడే నన్ను నడుము లోతు దాకా లాక్కుపోయింది. ఈ సముద్రానికి ఇంత దగ్గర్లో ఇన్నేళ్ళు బతికి, అంత లోపలికి వెళ్ళడం నాకు అదే మొదలు.