ఓజెల్లా ఉండగా ఆ పాట

అమెరికాలో, దక్షిణ మెంఫిస్‌లో వెర్లీన్ నడిపే జుట్టు దువ్వే దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఓజెల్లా ప్రూయిట్ ఖాళీ అయ్యేదాకా కూర్చునేవారు. ఉంగరాల జుట్టు తిన్నబడేందుకు పొయ్యి మీద ఇత్తడి దువ్వెన కాల్చి, తడిగుడ్డకు ఓసారి తాకించి, చెవి వెనక నూగును కూడా సెగ తగలకుండా సాపు చేసేది ఆవిడ. పని మీద ఉన్నప్పుడు మాత్రం పాడేది కాదు. ఒక్కటి పాడవే అని ఎవరైనా బతిమాలితే, "పాట బాగానే వస్తుంది, నీ చెవే మిగలదు" అనేది.

ఆమె పాడేది ఆదివారం, చర్చిలో. ఆ చర్చిలో ఒక పద్ధతి ఉండేది, ఎక్కడా రాసి లేదు గాని అందరికీ తెలుసు. ఒక పాటను ఒక మనిషి పాడి పాడి తనదిగా చేసుకుంటే, ఆ మనిషి ఎదుట కూర్చుని ఉండగా ఇంకొకరు దాన్ని ఎత్తరు. ఎత్తాలనిపిస్తే వెళ్లి అడుగుతారు. ఆ మనిషి కన్నుమూశాకే పాట ఇంకొకరి నోటికి పోతుంది. ఓజెల్లా తల్లికి అలాంటి పాట ఒకటి ఉండేది. తల్లి పోయిన ఏడాది దాకా ఓజెల్లా కూడా దాన్ని ముట్టుకోలేదు.

చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన 'అరుగు మీద దీపం' అని ఒక పాట కట్టాడు. దేవుడి పాట కాదు. ఇల్లు విడిచిపోయిన మగవాడి కోసం అరుగు మీద దీపం పెట్టి కూర్చున్న ఆడదాని పాట. వరస మాత్రం చర్చిదే. పాత ఐసు ఫ్యాక్టరీలో స్టూడియో పెట్టిన గ్రేడీ దాన్ని ఓజెల్లా చేత పాడించి రికార్డు తీశాడు. అది ఒకటే గది, మధ్యలో అడ్డు గోడ లేదు. డ్రమ్ముల పక్కనే నిలబడి పాడింది. కొన్నాళ్లు ఊళ్లో రేడియోలో వచ్చింది, తర్వాత ఆగిపోయింది.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం దుకాణంలో రేడియో మోగుతోంది. అవే డ్రమ్ములు, అదే ఆర్గన్. గొంతు మాత్రం మగగొంతు. ఊరూరా పేరు మోగుతున్న డెట్రాయిట్ గాయకుడు క్లీవాన్ మాబ్రీ పాడుతున్నాడు. గ్రేడీ ఆమె గొంతున్న టేపును పక్కన పెట్టి, వాయిద్యాలున్న టేపు మీద మాబ్రీ చేత పాడించాడు. ఆడగొంతుకు కట్టిన ఎత్తు కాబట్టి అతనికి అందీ అందకుండా ఉంది. ఆ తపనకే జనం పడిపోయారు. చివరి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఆగే చోట, దూరంగా, ఎవరో ఆడమనిషి ఊపిరి పీల్చి సన్నగా "ఊఁ" అంది. అది ఓజెల్లాయే. డ్రమ్ముల మైకులో పడిన గొంతు, తీసినా పోలేదు.

"ఓజెల్లా, నా చెవి," అంది కుర్చీలో ఉన్నావిడ.

గ్రేడీ దగ్గరికి వెళితే టేపు మాదేనమ్మా అన్నాడు. ఆ నెలలోనే చర్చి ఆడవాళ్ల విందులో ఓజెల్లా ఆ పాట పాడితే, కొత్తగా చేరిన ఒకామె చేయి పట్టుకుని, "మాబ్రీ పాట అచ్చం దింపేశావు సిస్టర్," అని మెచ్చుకుంది. ఓజెల్లా ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు దుకాణంలో చెప్పేసింది. తనకు డబ్బు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. మాబ్రీ వచ్చి తనను అడగాలి. అంతే.

"డెట్రాయిట్ నుంచి దిగి వచ్చి నిన్ను అడుగుతాడా?" అంది వెర్లీన్. "అయితే ఓ కొత్త టోపీ కొనుక్కోవే. అతను వచ్చేసరికి చిమ్మటలు తినేస్తాయి."

ఓజెల్లా నిజంగానే తెల్ల టోపీ కొనుక్కుంది.

చలికాలంలో మాబ్రీ మెంఫిస్‌లోనే బీల్ స్ట్రీట్ థియేటర్‌లో పాడడానికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం ఓజెల్లా దువ్వెనల సంచీ చేతపట్టుకుని, వంత పాడే ఆడపిల్లల జుట్టు దువ్వడానికి వచ్చానని చెప్పి లోపలికి పోయింది. మొదటి వరసలో టోపీతో కూర్చుంది. సాయంత్రం కోసం సాధన చేస్తున్న బ్యాండు 'అరుగు మీద దీపం' ఎత్తుకుంది. ఆమె చేతులు సంచీ మీద పెట్టుకుని, చర్చిలో పెద్దామెలు తమ పాట ఇంకొకరు ఎత్తినప్పుడు చూస్తారే, అలా చూసింది. ఒక లైను పాడి మాబ్రీ ఆగిపోయాడు.

"ఎవరమ్మా మీరు? మీరలా చూస్తుంటే ఆర్కన్సాలో మా చర్చిలో కూర్చునే మేనత్త కళ్లముందు మెదులుతోంది."

"ఓజెల్లా ప్రూయిట్‌ని."

అతను స్టేజీ అంచున కూలబడ్డాడు. "మీరు చనిపోయారన్నారు కదండీ!"

అతనూ చర్చిలో పెరిగినవాడే. పాడే ముందు ఇది ఎవరి పాట అని అడిగాడట. ఓజెల్లా ప్రూయిట్‌ది, ఆవిడ పోయింది, నువ్వు పాడుకోవచ్చు అన్నాడట గ్రేడీ. చివరి చరణం దగ్గర ఊపిరి వినిపిస్తే దాని మీద తంబురీన్ గజ్జెల మోత వేసి కప్పేద్దామన్నారట. "పోయినావిడ ఊపిరి చెరపొద్దని నేనే పట్టుబట్టాను సిస్టర్," అన్నాడు.

ఓజెల్లాకు నవ్వు రాబోయింది. ఆపుకుంది.

"సరే, ఇప్పుడు అడుగు."

అతను లేచి, టై సర్దుకుని అడిగాడు.

"ఏ ఊళ్లోనైనా పాడుకో నాయనా. నేను కూర్చున్న చోట మాత్రం వద్దు."

"ఇవాళ జనం వచ్చేది ఈ పాట కోసమే కదండీ."

"ఇవాళ నేనూ వస్తున్నాను."

సాయంత్రం థియేటర్ నిండిపోయింది. జనం ఆ పాట కోసం కాళ్లు నేలకు కొట్టారు. మాబ్రీ మైకు దించి, ఈ పాట గలావిడ ఇక్కడే ఉంది, నేను ఎత్తకూడదు అన్నాడు. ఈలలు, గోల. మేడ మీంచి ఒకావిడ, "అయితే ఆవిణ్ణే ఎత్తమను!" అని అరిచింది.

ఓజెల్లా లేచింది. టోపీ తీయలేదు. మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. ఆర్గన్ మొదలైంది, కాని కిందికి ఉంది. రోజూ అంత పైకి పాడలేక మాబ్రీ శ్రుతి దింపించుకున్నాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇంకా పైకి. ఈ పాట ఉండేది అక్కడ కాదు."

ఆర్గన్ అతను మాబ్రీ వైపు చూశాడు. మాబ్రీ అప్పటికే వెనక్కి వెళ్లి, వంత పాడే పిల్లల పక్కన చేరాడు. శ్రుతి పైకి జరిగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత కూడా లోకమంతా అది మాబ్రీ పాటే. రేడియోలో అతని రికార్డే. ఓజెల్లా దువ్వెన కాలుస్తూనే ఉంది. రేడియోలో ఆ పాట వస్తే, చివరి చరణం ముందు మాత్రం దువ్వెన తల మీంచి దూరంగా తీసి, ఆ ఊపిరి వినపడ్డాక మళ్లీ పని అందుకునేది. మాబ్రీ మెంఫిస్‌కు ఎప్పుడు వచ్చినా ముందుగా దుకాణానికి ఫోను చేయించేవాడు, సిస్టర్ ఊళ్లో ఉన్నారా అని.

వెర్లీన్ రిసీవరు చేత్తో మూసి అటు చూసేది. ఓజెల్లా తల తిప్పకుండానే చెప్పేది:

"ఉందని చెప్పు. వస్తోందని కూడా చెప్పు."