మింగకుండా రెండు నిమిషాలు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మేం ముగ్గురు స్టూడెంట్లం అద్దెకున్న బేస్‌మెంట్ బాలత్రిపురసుందరి గారిది. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఎవరు నోరు తెరిచినా మధ్యలోనే అందుకుని, అడగని లెక్క కూడా తేల్చేసేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆవిడకు పుప్పొడి పడదు. వసంతమంతా తుమ్ములే. ఇంజెక్షన్లకు తిరిగి తిరిగి విసిగిపోతే, డాక్టరు నాలుక కింద వేసుకునే చుక్కలు రాశాడు. రోజూ పొద్దున వేసుకుని రెండు నిమిషాలు మింగకుండా ఉంచుకోవాలి. ఆవిడేమో వారం రోజులు వాటిని అరచేతిలో పోసుకుని, తీర్థంలా పుచ్చుకుని, చెయ్యి తలకు రాసుకున్నారు.

“ఆంటీ, తుమ్ములు ముక్కుకి, జుట్టుకి కాదు!” అన్నాను.

మర్నాటి నుంచి బుద్ధిగా నోరు మూసుకుని, గడియారం చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు సరిగ్గా అప్పుడే నేను పైకి వెళ్లాను.

“ఒక కోర్స్ ఫెయిలయ్యా ఆంటీ. ఇంట్లో చెప్పలేదు.”

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి, నోరు మాత్రం తెరవలేదు. దాంతో మిగతాదంతా నేనే చెప్పుకుంటూ పోయాను. రెండు నిమిషాలయ్యేసరికి ఏం చెయ్యాలో నాకే తట్టింది. ఆవిడ చుక్కలు మింగి, “కాఫీ తాగుతావా?” అన్నారు. అంతే.

మూడేళ్లకు మందు ఆపేశారు, తుమ్ములూ తగ్గాయి. మొన్న చూడ్డానికి వెళ్లాను. బేస్‌మెంట్‌లో కొత్తగా దిగిన చాందిని వంటగదిలో ఏడుస్తూ ఏదో చెబుతోంది. ఎదురుగా ఆంటీ, నోట్లో చుక్క మందు లేకపోయినా, పెదాలు బిగించి గడియారం వంక చూస్తున్నారు.