అరవై దగ్గర వచ్చే చప్పుడు

మా బావ కార్లు బాగుచేస్తాడు. అదే షెడ్డులో ఓ మూల నేను విడిభాగాలు అమ్ముతాను. ఆయన చెయ్యాడిస్తాడు, నేను నోరాడిస్తాను. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస.

దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్లు బండిని ఆయనకి చూపించకుండా కదలరు. ఆయిలు, బ్రేకులు, బెల్టు, టైర్లు అందరు మెకానిక్కులూ చూసేవే. బావ అసలు పరీక్ష ఆ తర్వాత. యజమానితోపాటు బండిని ఊరి బయటి పెద్ద రోడ్డెక్కిస్తాడు. కిటికీలు మూయాలి, పాటలు ఆపాలి, ఎవరూ నోరు మెదపకూడదు. "బండి మాట్లాడేటప్పుడు మనం మాట్లాడకూడదు" అంటాడు. ఒక ప్లీడరుగారైతే ఐదు నిమిషాలు ఊరుకోలేక దారిలోనే దిగి బస్సులో వచ్చేశాడు.

ఏడాదిగా బావకి చెవి మందగించింది. సన్నటి చప్పుళ్లు అందవు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలియదు. అప్పట్నించీ ఏదో ఒక సాకుతో నేనూ వెనక సీట్లో ఎక్కడం మొదలుపెట్టాను. ఆయన "బండి బంగారం" అన్నాక, షెడ్డుకొచ్చి మెల్లిగా "వెనక కుడి చక్రం ఒకసారి చూడు బావా, ఊరికే అనుమానం" అనేవాణ్ణి. చూస్తే తప్పు దొరికేది. "నా పక్కన కూర్చుని నీకూ చెవి వచ్చిందిరోయ్" అని మురిసిపోయేవాడు. ఆయన చెవి సంగతి అక్కకి కూడా చెప్పలేదు. చెవి పోయిందని తెలిస్తే మూతపడేది షెడ్డు కాదు, మనిషేనని నా భయం.

ఇంతలో మా మేనకోడలికి పన్నెండువందల కిలోమీటర్ల అవతల ఉద్యోగం వచ్చింది. రైలెక్కవే అంటే వినదే. తన కారు తనే తోలుకుని, ఒక్కతే పోతానంది. అక్క ముక్కు చీదింది, బావ బండిని జాకీ ఎక్కించాడు. నాలుగు రోజులు ఇంకో బండి ముట్టుకోలేదు.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున్నే పరీక్షకి బయల్దేరాం. పిల్ల తోలుతోంది, పక్కన బావ, వెనక నేను. వేగం యాభై దాటేదాకా ఏమీ లేదు. అరవై దగ్గర ముందు ఎడమ చక్రం సన్నగా మూలిగింది. బేరింగు అరిగితే అలాగే మూలుగుతుంది. ఊళ్లో తిరిగితే పరవాలేదు గానీ, రెండు రోజులు ఏకధాటిగా తోలితే చక్రం పట్టేసినా పట్టేస్తుంది.

"బండి బంగారం తల్లీ" అన్నాడు బావ.

అద్దంలో పిల్ల కళ్లు నా మీద ఆగాయి.

"ఎడమ పక్క ఏదో చప్పుడొస్తోంది నాన్నా. మావయ్యా, నీకూ వినబడుతోంది కదూ?"

"నాకేం వినబళ్లేదే" అని బావ నావైపు తిరిగాడు.

"ఊరికే అనుమానం" అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల ముందు అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"వస్తోంది బావా. స్పష్టంగానే వస్తోంది."

బండి పక్కకి ఆపించాడు.

"అయితే ఇన్నాళ్లూ నీకొచ్చిన అనుమానాలన్నీ..."

"అవును బావా."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. షెడ్డుకొచ్చి చక్రం పైకి లేపి, లోపలి స్ప్రింగు మీద ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. "చేతికి తెలుస్తోంది" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. నేను కొత్త బేరింగు అందిస్తే నా మొహం చూడకుండా తీసుకున్నాడు. వెళ్లి నా గల్లా వెనక కూర్చుని కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం మళ్లీ అదే రోడ్డెక్కాం. బావ ఈసారి మా ఇద్దరి మొహాలూ కనబడేలా పక్కకి తిరిగి కూర్చున్నాడు.

"నేను వినలేను. మీరే విని చెప్పండి."

అరవై, డెబ్భై, ఎనభై. టైర్ల సొద తప్ప ఏమీ లేదు.

"ఏమీ లేదు బావా, శుభ్రంగా ఉంది" అన్నాను గట్టిగా.

ఆ మాట ఆయనకి వినబడింది. నాకు తెలుసు. అయినా కూతురి వైపే చూస్తూ, "నువ్వు చెప్పు తల్లీ" అన్నాడు.

"ఏమీ లేదు నాన్నా. నిజంగా."

అప్పుడు గానీ బావ సీట్లో వెనక్కి వాలలేదు.